ఆగిన యంత్రం ఎంతసేపటికి లేస్తుంది?

(హనుమకొండలో డిజిటల్ ముద్రణ యజమానులు, ఆపరేటర్ల ముందు ఒక సర్వీసు ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వరంగల్, హనుమకొండ, కాజీపేట వాళ్లు సరే, పొద్దున్నే బస్సెక్కి జగిత్యాల నుంచి, మంచిర్యాల నుంచి, నిర్మల్ నుంచి వచ్చిన అన్నలూ తమ్ముళ్లూ కూడా ఇక్కడ కనిపిస్తున్నారు. షాపుకు ఒక పూట తాళం వేయడమంటే ఏమిటో నాకు తెలుసు. అందుకని నేరుగా విషయంలోకి వస్తాను.

ఒక రాత్రి గురించి చెబుతాను. మాఘమాసం, పెళ్లిళ్ల రోజులు. జనగామ వైపు ఒక షాపులో పెళ్లి ఆల్బమ్ నడుస్తోంది. 12 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు ఉన్న షీట్లు నలభై. ఇరవై రెండు షీట్లు అద్దంలా వచ్చాయి. ఇరవై మూడో షీటు మీద తలంబ్రాల ఫోటోలో, పెళ్లికూతురి బుగ్గ మీదుగా సన్నని గీత ఒకటి షీటు పొడవునా దిగింది. ఆపరేటరు యంత్రాన్ని ఆపి, తుడిచి, మళ్లీ వేశాడు. గీత అక్కడే ఉంది. నాకు ఫోను చేశారు. నేను రాత్రి పదింటికి చేరుకుని చూస్తే, మజెంటా రంగు బొమ్మ ఏర్పడే గొట్టానికి, అంటే మజెంటా డ్రమ్ముకు, విద్యుదావేశం ఇచ్చే చార్జర్ యూనిట్ పాడైంది. మూరెడు పొడవు కూడా లేని భాగం. నా సంచిలో లేదు. మా కంపెనీ హైదరాబాద్ గోదాములో కూడా లేదు. ఆర్డరు పెట్టాలి, పైవాళ్లు ఆమోదించాలి, వేరే రాష్ట్రం నుంచి రావాలి, మధ్యలో ఆదివారం వచ్చింది. హైదరాబాద్ ఇక్కడికి దాదాపు 150 కిలోమీటర్లు. రైలైతే రెండున్నర గంటల దారి. ఆ భాగం మాత్రం నాలుగో రోజున చేరింది. ఈలోగా ఫోటోగ్రాఫరు ఆల్బమ్ ఫైలు తీసుకుని వేరే షాపుకు వెళ్లిపోయాడు, ఆ తర్వాత తిరిగి రాలేదు. ఆ యజమాని నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే ఆ రాత్రి నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

ఆ యంత్రం చెడ్డది కాదు. ముద్రణ నాణ్యతలో నేను చూసిన మంచి యంత్రాల్లో అది ఒకటి. కొనేటప్పుడు ఆ యజమాని అందరూ అడిగే రెండు ప్రశ్నలే అడిగారు. నిమిషానికి ఎన్ని పేజీలు? ధర ఎంత? ఆగితే ఎంతసేపటికి లేస్తుందని అడగలేదు. ఈ పూట నేను చెప్పదలచుకున్నదంతా ఆ మూడో ప్రశ్న గురించే. ఈ ప్రశ్నకు జవాబు యంత్రంలో సగమే ఉంటుంది. మిగతా సగం విడిభాగం ఉన్న ఊరిలో, ఇంజనీరు చేతిలో, మీ గదిలో, మీరు సంతకం పెట్టే కాగితంలో ఉంటుంది.

ముందు యంత్రం లోపలికి వెళ్దాం. 1938 అక్టోబరు 22న న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్ అనే మనిషి, గంధకం పూసిన జింకు పలకను నూలు గుడ్డతో రుద్దాడు. అలా రుద్దితే పలక మీద స్థిర విద్యుత్తు నిలిచింది. అక్షరాలు రాసిన గాజు పలక మీదుగా దానిపై వెలుతురు పడనిచ్చాడు. వెలుతురు పడినచోట ఆవేశం పోయింది, అక్షరాలున్నచోట మిగిలింది. సన్నని పొడి చల్లితే అది అక్షరాలకే అంటుకుంది. దాన్ని మైనపు కాగితం మీదికి దింపి వేడి చేశాడు. ఆ రోజు కాగితం మీద పడింది ఆ తేదీ, ఆ ఊరి పేరు. గుడ్డతో రుద్దిన చోట ఇప్పుడు చార్జరు ఉంది, గాజు పలక స్థానంలో లేజరో ఎల్‌ఈడీనో ఉంది, మైనపు కాగితం స్థానంలో బెల్టు, వేడితో రంగును కాగితానికి అతికించే ఫ్యూజరు ఉన్నాయి. టోనరు అనే రంగుపొడితో పనిచేసే పొడి యంత్రాలన్నిటిలో సూత్రం నేటికీ అదే. 1993లో ఇండిగో, జైకాన్ సంస్థలు డిజిటల్ రంగుల ప్రెస్సులను మార్కెట్లోకి తెచ్చాయి. జైకాన్ పొడి టోనరుతో, ఇండిగో ద్రవ సిరాతో వచ్చాయి. నేను మాట్లాడేది పొడి యంత్రాల గురించి, ఎందుకంటే మన జిల్లాల షాపుల్లో ఎక్కువగా ఉన్నవి అవే.

ఈ చరిత్ర ఎందుకు చెప్పానంటే, మీ యంత్రం నడిచేది స్థిర విద్యుత్తు మీద. ప్లాస్టిక్ స్కేలును జుట్టుకు రుద్ది కాగితం ముక్కలను లేపే ఆట వానాకాలంలో సరిగా సాగదు. చిన్నప్పుడు మనమందరం చూసిందే. మీ షాపులోనూ అదే జరుగుతుంది. శ్రావణంలో ముసురు పట్టినప్పుడు కాగితం తేమ పీల్చుకుంటుంది. తేమ ఉన్న కాగితం మీద ఆవేశం నిలవదు, బెల్టు మీది టోనరు కాగితం మీదికి పూర్తిగా దిగదు, నిండు రంగు మచ్చలు మచ్చలుగా వస్తుంది. ఆర్ట్ పేపరు లోపల చిక్కుకున్న తేమ ఫ్యూజరు వేడికి ఆవిరై పైకి తన్నితే పొక్కులు వస్తాయి. మే నెలలో దీనికి పూర్తిగా తలకిందులు. గాలి ఎండిపోయి షీట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి, రెండు మూడు కలిసి లోపలికి వెళ్లి జామ్ అవుతుంది. రెండు సందర్భాల్లోనూ మీరు యంత్రాన్ని తిడతారు, మేము వచ్చి రోలర్లు మారుస్తాము, మర్నాడు మళ్లీ అదే మొదలవుతుంది. గదిలో తేమను కొలిచే చిన్న గడియారం లాంటి పరికరం కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. దాన్ని గోడకు తగిలించండి. 45 నుంచి 60 శాతం మధ్య ఉంటే యంత్రం సుఖంగా ఉంటుంది. విప్పిన రీము మిగిలితే దాని కాగితంలోనే చుట్టి పెట్టండి. ముద్రించబోయే కాగితాన్ని ముందు రోజే యంత్రం గదిలో ఉంచండి.

ఇక అరుగుదల. రంగుల యంత్రంలో సయాన్, మజెంటా, యెల్లో, బ్లాక్‌కు ఒక్కో డ్రమ్ము, ఆ డ్రమ్ముకు టోనరు అందించే ఒక్కో డెవలపరు ఉంటాయి. నాలుగు రంగులూ బెల్టు మీద ఒకదానిపై ఒకటి చేరి, అక్కడి నుంచి కాగితం మీదికి దిగి, ఫ్యూజరులో కరిగి అతుకుతాయి. వీటికి కంపెనీ ఇచ్చే ఆయుష్షు అంకెలను చూసి చాలామంది మోసపోతున్నారు. కంపెనీ అబద్ధం చెబుతోందని నేను అనడం లేదు. ఆ అంకె ఏ పనిమీద లెక్క కట్టారో మనం చూడడం లేదు. డ్రమ్ము తన చుట్ల లెక్కన అరుగుతుంది. ఒకే ఫైలు 500 షీట్లు వేసినప్పుడు మొదట్లో కొన్ని, చివర కొన్ని ఖాళీ చుట్లు తిరుగుతుంది, అంతే. అవే 500 షీట్లను పది పది చొప్పున యాభై పనులుగా వేస్తే ఆ ఖాళీ చుట్లు యాభైసార్లు తిరుగుతాయి. మన షాపుల్లో పనులు ఎలా వస్తాయి? ఒకరికి విజిటింగ్ కార్డులు రెండు షీట్లు, ఇంకొకరికి సన్మాన పత్రం ఒకటి, మరొకరికి గృహప్రవేశం కార్డులు పాతిక. అందువల్ల మన డ్రమ్ము పుస్తకంలో రాసినంత కాలం బతకదు. టోనరు కూడా అంతే. దాని దిగుబడిని మామూలుగా పేజీలో రంగుకు 5 శాతం నిండుదనం అనుకుని చెబుతారు. పెళ్లి ఆల్బమ్‌లో ఖాళీ స్థలం ఎక్కడుంటుంది? ఎర్ర చీర, పూల మండపం, చీకటి నేపథ్యం, అంతా రంగే.

యంత్రం అమ్మేవాళ్లు నెలకు ఇన్ని లక్షల పేజీలని ఒక అంకె చెబుతారు. అది గరిష్ఠ సామర్థ్యం. సిఫారసు చేసిన నెలసరి పరిమాణమని మరో అంకె ఉంటుంది. అది చాలా తక్కువగా ఉంటుంది, అడిగితేనే చెబుతారు. మీకు కావలసింది ఆ రెండో అంకె. దాన్ని మీ ఏడాది సగటుతో పోల్చవద్దు. మన పని సగటుగా రాదు. మాఘం, ఫాల్గుణం, వైశాఖాల్లో రాత్రింబవళ్లు పని. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లు లేక యంత్రం మీద గుడ్డ కప్పి ఉంచుతాం. పంచాయతీ ఎన్నికలొస్తే పది రోజుల్లో ఏడాది పని వచ్చి పడుతుంది. కాబట్టి అతి ఎక్కువ పని ఉన్న నెలను తీసుకుని, ఆ నెల లెక్కకు యంత్రం తట్టుకుంటుందా అని చూడండి. వేగం కూడా అంతే. నిమిషానికి 80 అంటే ఏ4, పలుచని కాగితం. ఏ3 అయితే సుమారు సగం. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) ఆర్ట్ కార్డు పెట్టగానే చాలా యంత్రాలు ఇంకా నెమ్మదిస్తాయి. మీరు రోజూ వాడే కాగితం మీద, రెండు పక్కలా వేస్తే గంటకు ఎన్ని షీట్లు వస్తాయో అడగండి.

ఇప్పుడు నేను మొదట అడిగిన ప్రశ్నకు వద్దాం. మీ షాపు నెలకు 26 రోజులు, రోజుకు 10 గంటలు నడుస్తుందనుకుందాం. మొత్తం 260 గంటలు. ఒక యంత్రం నెలకు ఒక్కసారే ఆగుతుంది, కానీ ఆగితే మూడు రోజులు. అంటే 30 గంటలు పోయాయి. రెండో యంత్రం నెలకు నాలుగుసార్లు ఆగుతుంది, ప్రతిసారీ రెండు గంటల్లో లేస్తుంది. అంటే 8 గంటలు. మొదటిది వంద గంటల్లో 88 గంటలు మీ చేతిలో ఉంది, రెండోది 97 గంటలు ఉంది. అయినా ఊళ్లో అందరూ మొదటి యంత్రాన్నే మెచ్చుకుంటారు, నెలకు ఒక్కసారే ఆగుతుందని. రెండోదాన్ని చూసి ఎప్పుడూ రిపేరేనని పెదవి విరుస్తారు. నేను ఈ రెండు రకాల యంత్రాలకూ సర్వీసు చేశాను. పెళ్లిళ్ల నెలలో నా సొంత తమ్ముడికి ఏది కొనిపెట్టమంటారంటే రెండోదే కొనిపెడతాను.

ఈ లెక్క మీకెవరూ వేసి ఇవ్వరు. మీరే రాసుకోవాలి. కరీంనగర్‌లో ఒక యజమాని ఉన్నారు. చదువుకున్నది పదో తరగతి. యంత్రం పక్కనే దారం కట్టి ఒక పొడవాటి నోటుపుస్తకం వేలాడదీశారు. యంత్రం ఆగిన తేదీ, అప్పటిదాకా వేసిన పేజీల లెక్క చూపే కౌంటరు అంకె, తెర మీద వచ్చిన ఎర్రర్ కోడు, ఫోను చేసిన సమయం, ఇంజనీరు గడప తొక్కిన సమయం, మళ్లీ మంచి షీటు వచ్చిన సమయం, ఏ భాగం మార్చారు, పాత భాగం ఎంత కౌంటు నడిచింది. ఇంతే. ఒక్కో ఘటనకు ఒక్కో వరుస. మొదట్లో నాకు అది నా మీద పెట్టిన నిఘాలా అనిపించింది. ఏడు నెలలయ్యాక ఆయన నన్ను కూర్చోబెట్టి, ఆ పుస్తకం తిప్పి చూపించారు. సయాన్ డెవలపరు మూడుసార్లు మార్చాను. మూడుసార్లూ చెప్పిన ఆయుష్షులో సగం కూడా నడవలేదు. మిగతా మూడు రంగులు బాగానే ఉన్నాయి. ఒక్కొక్కసారిగా చూసినప్పుడు నాకది మామూలు అరుగుదలే అనిపించింది. మూడు వరుసలూ పక్కపక్కన పెడితే కారణం డెవలపరులో లేదని తేలిపోయింది. వెతికితే, యంత్రం లోపల ఆ డెవలపరు ఉన్న అరకు గాలి అందించే ఫ్యాను సగం వేగంతో తిరుగుతోంది. ఆ వేడికి లోపలి టోనరు మెత్తబడి పాడవుతోంది. చిన్న ఫ్యాను మార్చాము. ఆ పుస్తకం ఫోటోలు తీసి కంపెనీకి పంపితే, ముందు మార్చిన రెండు డెవలపర్ల ఖర్చును వాళ్లు మాట్లాడకుండా తిరిగి ఇచ్చారు. నోటితో చెప్పిన ఫిర్యాదుకు ఆ ఫలితం రావడం నేనెప్పుడూ చూడలేదు.

అందుకే కొత్త యంత్రం కొనబోయే ముందు అమ్మేవాళ్లు ఇచ్చిన కాగితాల కంటే, ఆ యంత్రం రెండేళ్లుగా నడుపుతున్న షాపులో ఒక పూట కూర్చోండి. యజమానితోనే కాదు, ఆపరేటరుతో మాట్లాడండి. యజమాని పెట్టుబడి పెట్టాడు, తన నిర్ణయం తప్పని చెప్పడానికి మనసొప్పదు. ఆపరేటరు అయితే ఏ ట్రేలో కాగితం ఇరుక్కుంటుందో, పొద్దున ఎన్ని షీట్లు పారేస్తే రంగు కుదురుతుందో చెబుతాడు. మీ ఊరి చుట్టూ 50 కిలోమీటర్లలో అదే మోడలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఇది చాలా ముఖ్యం. ఒకే రకం యంత్రాలు పది ఉన్న ఊరిలో విడిభాగాలు నిల్వ పెట్టడం కంపెనీకి గిట్టుబాటు అవుతుంది, ఇంజనీరు అక్కడే కాపురం ఉంటాడు. ఎంత గొప్ప యంత్రమైనా ఒంటరిగా ఉంటే, దాని భాగం ఎప్పుడూ దూరం నుంచే వస్తుంది. ఆదిలాబాద్ వాళ్లకు ఇది ఇంకా బాగా తెలుసు, వాళ్లకు హైదరాబాద్ 300 కిలోమీటర్లు.

సర్వీసు ఒప్పందం గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడే. నాలుగు గంటల్లో స్పందన అని రాసి ఉంటుంది. స్పందన అంటే ఏమిటి? ఫోనెత్తి మాట్లాడడమా, మనిషి మీ గడపలోకి రావడమా? యంత్రం లేచి నిలబడడానికి గడువు ఉందా? చాలా ఒప్పందాల్లో మొదటిదే ఉంటుంది. మూడోది దానంతట అది ఉండడం అరుదు. మీరు అడిగితే రాయడానికి కొందరు ఒప్పుకుంటారు. అడగకపోతే ఎవరూ రాయరు.

క్లిక్కు ధర చూడండి. క్లిక్కు అంటే షీటు ఒక పక్క వేసినందుకు కంపెనీ లెక్కించే ముద్రణ. ఒకరు క్లిక్కుకు 4 రూపాయలంటారు, మరొకరు 6 అంటారు. ఇవి ఉదాహరణకు చెబుతున్న అంకెలు. మొదటివారు ఏ3ని రెండు క్లిక్కులుగా లెక్కిస్తే, 13 అంగుళాల వెడల్పు, 19 అంగుళాల పొడవు ఉన్న మీ షీటుకు ఒక పక్క 8 రూపాయలు. రెండోవారు దాన్ని ఒకే క్లిక్కు అంటే 6 రూపాయలు. చవక అనుకున్నది ఖరీదైంది. ఆల్బమ్‌ల పొడవాటి షీటు ఎన్ని క్లిక్కులు? ఇంజనీరు పరీక్ష కోసం వేసిన షీట్లను మినహాయిస్తారా? జామ్ అయి నలిగిన షీటు మీ ఖాతాలో పడుతుందా? టోనరు కలిసి ఉందా, లేదా? డ్రమ్ము, డెవలపరు, బెల్టు, ఫ్యూజరు, వాటి బ్లేడ్లు, రోలర్లు, ఎలక్ట్రానిక్ బోర్డులు, ఫైలును ముద్రణకు సిద్ధంచేసే కంప్యూటరు కలిసి ఉన్నాయా? ఆ చివరిదాన్ని చాలామంది మరచిపోతారు. యంత్రం బాగానే ఉండి, దాని కంప్యూటరు పాడైతే కూడా షీటు రాదు.

నెలకు కనీసం ఇన్ని క్లిక్కులని ఒక షరతు ఉంటుంది. వాడినా వాడకపోయినా డబ్బు కట్టాలి. ఈ షరతును నెల లెక్కన ఒప్పుకోవద్దు, ఏడాది లెక్కన అడగండి. వైశాఖంలో ఎక్కువ వేసినది ఆషాఢంలో తక్కువపడినదానికి సర్దుబాటు కావాలి. మన ముహూర్తాల లెక్క ఎక్కడో ఉన్న పెద్ద ఆఫీసులకు తెలియదు. తెలియజెప్పే బాధ్యత మనది. నేను చూసినంతలో, గత రెండేళ్ల కౌంటరు అంకెలు కాగితం మీద పెట్టి చూపించిన వాళ్లకు ఈ మార్పు దొరికింది.

ఒప్పందంలో చివరి పేజీ తప్పక చదవండి. విద్యుత్ హెచ్చుతగ్గుల వల్ల జరిగిన నష్టం, ఎలుకల వల్ల జరిగిన నష్టం వర్తించవని ఉంటుంది. ఎలుక ఒక రాత్రిలో కొరికిన వైర్ల కట్టకు ఒక నెల సంపాదన పోయిన ఇల్లు నాకు తెలుసు. షాపులో తినడం మానేయండి, యంత్రం కింద ఖాళీలను జాలీతో మూయండి. ఎర్తింగ్‌ను ఏడాదికోసారి ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి, వేసవిలో ఆ గుంటలో నీళ్లు పోయండి. నడుస్తుండగా కరెంటు పోతే కాగితం వేడి ఫ్యూజరులో ఇరుక్కుంటుంది. షీటు పోయిందని మనం అనుకుంటాం, నిజానికి గీత పడేది ఫ్యూజరు బెల్టు మీద. యంత్రాన్ని కనీసం చేతిలోని షీట్లు బయటికి వచ్చేదాకా నడిపే యూపీఎస్ ఉండాలి. టోనరు డబ్బాలను మే నెల ఎండలో షట్టరు పక్కన పేర్చవద్దు. టోనరు వేడికి కరిగేలా తయారైన పొడి, ఫ్యూజరుకు ముందే వేడి తగిలితే గడ్డకడుతుంది.

రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తుంది. ములుగు దారి జనంతో నిండిపోతుంది, ఆ వారం ఆ వైపు ఏ ఇంజనీరూ సమయానికి చేరలేడు. ములుగు, భూపాలపల్లి వైపు షాపులు జాతరకు నెల ముందే ఒక చార్జరు, ఒక సెట్టు రోలర్లు, ఒక డ్రమ్ము తెప్పించి పెట్టుకోవాలి. తెరిచి మార్చడం ఆపరేటరుకు నేర్పించమని ముందే అడగండి. శిక్షణ పొందిన ఆపరేటరే కొన్ని భాగాలు మార్చుకునే ఏర్పాటు రికో ప్రో వరుస యంత్రాలు కొన్నింటిలో ఉంది. ఇలాంటి ఏర్పాటు ఉన్న యంత్రం మారుమూల షాపుకు ఎంతో మేలు. ఎవరి యంత్రం చూస్తున్నా, ఏయే భాగాలు మేమే మార్చుకోవచ్చని అడగడం మరచిపోవద్దు.

యంత్రం చూడడానికి వెళ్లినప్పుడు వాళ్ల ఫైలుతో వేసిన షీటు చూసి మురిసిపోవద్దు. ఆ ఫైలు ఆ యంత్రానికి తగినట్టు తయారైనది. మీ ఫైలు, మీ కాగితం తీసుకెళ్లండి. నేను నాలుగు బొమ్మలతో ఒక ఫైలు తయారుచేసుకున్నాను. ఒకటి చేర్యాల నకాశీ బొమ్మ. దాని వెనుక పరచిన నిండు ఎరుపులో మజెంటా, యెల్లో రెండూ గట్టిగా పడాలి, ఎక్కడ బలహీనపడినా ఇట్టే తెలుస్తుంది. రెండోది పసుపుకొమ్ముల ఫోటో. యెల్లోలో సయాన్ రవ్వంత కలిసినా పసుపు ఆకుపచ్చగా మారుతుంది. మూడోది పెళ్లిబృందం, చామనఛాయ నుంచి ఎర్రటి ఛాయ దాకా ముఖాలు. నాలుగోది ఏ బొమ్మా లేని లేత బూడిదరంగు, పేజీ అంతా. అమ్మేవాళ్లు చూపించడానికి ఇష్టపడని పేజీ ఇదే. చారలు, మచ్చలు, ఒక అంచు నుంచి మరో అంచుకు తేడా, అన్నీ ఇందులో దొరుకుతాయి.

ఆ ఫైలును మీ 300 జీఎస్‌ఎం కార్డు మీద, రెండు పక్కలా, 200 షీట్లు ఆపకుండా వేయించండి. మధ్యలో సర్దుబాటు చేయనివ్వవద్దు. ఒకటో షీటు, యాభయ్యోది, వందోది, రెండువందలోది తీసి పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టండి. రంగు కొలిచే పరికరం ఉంటే ఇంకా మంచిది. రెండు రంగుల మధ్య తేడాను చెప్పే డెల్టా ఈ అంకె 2 లోపు ఉంటే మామూలు కంటికి పట్టడం కష్టం, 5 దాటితే గుమ్మంలో నిలబడిన కస్టమరుకు కూడా తెలుస్తుంది. షీటును వెలుతురుకు ఎత్తి ముందు వెనుక గుర్తులు ఒకదానిపై ఒకటి కూర్చున్నాయో లేదో చూడండి. నిండు రంగు ఉన్నచోట మడిచి, మడత దగ్గర రంగు పెచ్చు ఊడుతుందేమో చూడండి. వరంగల్ జంపఖానాల కేటలాగు ఒకటి నాకు గుర్తుంది. నాలుగో పేజీలో ఉన్న ఎరుపు, ముప్పయ్యో పేజీలోని అదే జంపఖానాలో ఇటుకరంగుకు తిరిగింది. నేత కార్మికుడు ఒకే రంగు అద్దిన నూలు అది. కొనేవాడు కేటలాగు చూసి రెండు వేరు వేరు సరుకులనుకున్నాడు. ముద్రణలో మనం చేసిన తప్పు ఎవరో నేసిన బట్ట మీద పడింది.

సెకండ్ హ్యాండ్ యంత్రంతో మొదలుపెట్టేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, అందులో తప్పేమీ లేదు. కౌంటరు అంకెను మాత్రమే నమ్మవద్దు. ఆ అంకె ఉండే బోర్డును మార్చడం సాధ్యమే. జామ్‌ల చరిత్ర, ఎర్రర్ కోడుల చరిత్ర ముద్రించి ఇమ్మనండి. రోలర్ల నునుపు, ట్రేల అరుగుదల, తలుపుల బందులు చూస్తే వయసు తెలుస్తుంది. అన్నిటికంటే ముందు, ఆ మోడలుకు భాగాలు ఇంకా ఎన్నేళ్లు ఇస్తారో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోండి.

ఇంజనీరు గురించి ఒక మాట. నేను ఆ పనిలోనే ఉన్నాను కాబట్టి పక్షపాతం అనుకోవద్దు. మంచి ఇంజనీరు వచ్చీరాగానే స్క్రూడ్రైవరు తీయడు. ముందు పాడైన షీటు అడుగుతాడు, ఎప్పటి నుంచని అడుగుతాడు, ఏ కాగితమని అడుగుతాడు. భాగం మార్చాక పాత భాగాన్ని మీకు చూపిస్తాడు. వెళ్లే ముందు ఏం చేశాడో రాసి సంతకం పెడతాడు. అలాంటివాడు దొరికితే కాపాడుకోండి. అతను భూపాలపల్లి నుంచి సిరిసిల్ల దాకా బైకు మీద తిరుగుతాడు. పొద్దున తిన్నాడో లేదో అడగండి. ఏ షాపులోనైనా ఇంజనీరు మనసు పెట్టి పనిచేయడానికి గంటసేపు ఎక్కువ ఉండేది గౌరవం దొరికినచోటే. ఇది నేను చూసింది, నాకు జరిగింది.

చివరగా మీ చేతికి ఒక పని ఇస్తాను. షీటు మీద ఒకే మచ్చ మళ్లీ మళ్లీ వస్తోందనుకోండి. మచ్చకూ మచ్చకూ మధ్య దూరాన్ని స్కేలుతో మిల్లీమీటర్లలో కొలవండి. ఆ మచ్చను వేస్తున్నది గుండ్రంగా తిరిగే ఏదో ఒక భాగం. ఒక్క చుట్టుకు ఒక్క మచ్చ. చుట్టుకొలత అంటే వ్యాసాన్ని 3.14తో గుణించడం, బడిలో నేర్చుకున్నదే. 60 మిల్లీమీటర్ల డ్రమ్ము అయితే మచ్చ 188 మిల్లీమీటర్లకోసారి వస్తుంది. 30 మిల్లీమీటర్ల రోలరు అయితే 94కు ఒకసారి. మచ్చ ఒకే రంగులో ఉంటే ఆ రంగు డ్రమ్మునో డెవలపరునో అనుమానించండి. అన్ని రంగులూ కలిసి మెరుపు తగ్గినట్టు ఉంటే ఫ్యూజరును అనుమానించండి. మీ యంత్రంలో ఏ భాగం ఎన్ని మిల్లీమీటర్లో ఒక పట్టిక సర్వీసు పుస్తకంలో ఉంటుంది, మీ ఇంజనీరును అడిగి తీసుకుని గోడకు అతికించండి. ఈసారి ఫోను చేసినప్పుడు మచ్చ వస్తోందని మాత్రమే చెప్పవద్దు. మజెంటా మచ్చ, 188 మిల్లీమీటర్లకోసారి అని చెప్పండి. జనగామ రాత్రి లాంటి రాత్రుల్లో ఇంజనీరు సరైన భాగం సంచిలో వేసుకుని బయలుదేరతాడు. ఒక ప్రయాణం, ఒక రోజు తగ్గుతాయి.

పాడైన షీట్లు తెమ్మని మీకు ముందే చెప్పాను. చాలామంది తెచ్చినట్టున్నారు, ఆ వెనుక వరుసలో గొట్టంలా చుట్టినవి కనిపిస్తున్నాయి. నా దగ్గర ఆరు స్టీలు స్కేళ్లున్నాయి. ఈ బల్ల మీదికి తీసుకురండి, చుట్టినవాటిని తిరగేసి పరచండి. ముందు నిర్మల్ తమ్ముడి షీటు చూద్దాం, ఆయనకు నాలుగింటికి బస్సు ఉంది.